బెల్టు మీంచి తీసిన సుషీ ప్లేటు వెనక్కి పెడితే అంత నేరమా?

నిషికసాయి_నివాసి:
పోయిన శనివారం జరిగింది చెప్తాను, తప్పెవరిదో చెప్పండి. మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి టోక్యో వచ్చి పది రోజులైంది. మామగారు పుస్తెలమ్మైనా పులస తినాలనే బాపతు. చేపల మనిషి కదా అని కైతెన్ జుషీకి, అదే, ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వచ్చే చోటికి తీసుకెళ్ళాను. పచ్చి చేపకి మొదట మొహం చిట్లించారు గానీ పైపైన కాల్చిన సాల్మన్ నచ్చింది. రెండు ప్లేట్లు లాగించారు. మూడోది అలాంటిదే అనుకుని తీశారు. చూస్తే పైన మయోనైజు. "ఇదేంటి నాయనా, వెన్నలా ఉంది" అంటూ బెల్టు మీద ఖాళీ చూసి పెట్టేశారు. మహా అయితే ఐదు సెకన్లు.

పక్క బల్ల దగ్గర ఒకాయన, మనవాడే, అప్పటిదాకా తెలుగులో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇటు తిరిగి గట్టిగా "ఎక్కడికెళ్ళినా మనవాళ్ళింతే, పరువు తీయడానికే వస్తారు" అన్నాడు. మామగారు ఆ తర్వాత ఇంకో ప్లేటు ముట్టుకోలేదు.

నా ప్రశ్న ఒకటే. ముక్క మీద వేలు పడలేదు, ప్లేటు అంచు మాత్రమే పట్టుకున్నారు. అది ఎంగిలా?

కవాసాకి_రావు:
తప్పే. ఇందులో చర్చేం లేదు. తీసిన ప్లేటు వెనక్కి పెట్టకూడదు అన్నది ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎంగిలా, మైలా అన్న లెక్కలు మనవి. ఇక్కడి లెక్క ఒక్కటే: నీ చేతిలోకి వచ్చిందా, నీది. తినకపోయినా డబ్బు కట్టాలి. ఎంతండీ ప్లేటు, నూట ఇరవయ్యో నూట యాభయ్యో యెన్లు. పక్కకి పెట్టేస్తే పోయేది.

కందిపప్పు:
అన్నా, నేను శాకాహారిని. ఆఫీసు టీమ్ వచ్చే వారం ఇలాంటి చోటికే పోతోంది. నేను తినడానికి ఏమైనా ఉంటుందా?

గేర్‌బాక్స్:
ముందు ఒక సంగతి తేలాలి. ఆ బెల్టు మీద ప్లేట్లకి మూతలున్నాయా లేవా? కురా సుషీ అనే గొలుసు షాపుల్లో ప్రతి ప్లేటు మీదా గోపురంలాంటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, 2011 నుంచి. ప్లేటు అంచు పట్టుకుని పైకి లేపితే మూత తెరుచుకుంటుంది, ప్లేటు మీ చేతికొస్తుంది, మూత బెల్టు మీదే ఉండిపోతుంది. అక్కడ వెనక్కి పెట్టడం అనుకోకుండా జరిగే పని కాదు. పైగా 2023 నుంచి మూత అనుమానంగా తెరిచి మూస్తే కెమెరాలు కనిపెడతాయి.

నిషికసాయి_నివాసి:
మూతల్లేవండీ. చిన్న షాపు, పేరు వద్దు.

గేర్‌బాక్స్:
సరే. మామూలుగా బెల్టు వేగం సెకనుకి 8 సెంటీమీటర్లు. ఐదు సెకన్లంటే 40 సెంటీమీటర్లు. మీ మామగారు తీసినప్పుడు ఏర్పడిన ఖాళీ అప్పటికి ముందుకెళ్ళిపోయి ఉండాలి. ఆయన పెట్టింది ఇంకో ఖాళీలో. అది ఎవరో ఆర్డరు పెట్టిన ప్లేటు పోగా మిగిలిన స్టాండు అయితే? కొన్ని చోట్ల ఆర్డరు ప్లేట్లు కూడా అదే బెల్టు మీద రంగు గిన్నె ఎక్కి వస్తాయి కదా.

నిషికసాయి_నివాసి:
స్టాండు లేదు, గిన్నె లేదు. ఉత్త ఖాళీ.

కవాసాకి_రావు:
చూశారా, మనం ఎక్కడికి పోతున్నామో. సెంటీమీటర్లు కొలుస్తున్నాం. 2023 జనవరిలో గిఫులో సుషిరో షాపులో ఒక కుర్రాడు సోయా సాస్ సీసా మూతి నాకి, బల్లమీది టీ కప్పు నాకి, వేలు తడి చేసుకుని పక్కన పోతున్న సుషీకి రాసి వీడియో తీయించుకున్నాడు. దేశమంతా అట్టుడికింది. కంపెనీ 6 కోట్ల 70 లక్షల యెన్లకి దావా వేసింది, తర్వాత రాజీ అయ్యారు. ఆ దెబ్బకి చాలా షాపులు బెల్టు మీద తిప్పడం తగ్గించి, తెర మీద ఆర్డరు పెడితేనే పంపడం మొదలెట్టాయి. అంత జరిగిన దేశంలో పరాయి మనిషి చెయ్యి తగిలిన ప్లేటు వెనక్కి వస్తే, దాన్ని తర్వాతి బల్ల దగ్గరున్న తల్లి తన పిల్లాడికి పెడుతుంది. ఆవిడ స్థానంలో ఉండి ఆలోచించండి.

వంకాయ_బజ్జీ:
ఆ కుర్రాడికీ పెద్దాయనకీ పోలికా రావు గారూ?

కవాసాకి_రావు:
పోలిక పెట్టలేదు. ఆ భయం ఎక్కడిదో చెప్పాను. చదివి రాయండి.

ఒసాకా_సుబ్బలక్ష్మి:
నేను ఒసాకా వచ్చి ఇరవై రెండేళ్ళు. ఎంగిలి అంటే నోరు తగలాలి. చెయ్యి తగిలితే అంటు అంటారేమో, ఎంగిలి కాదు. మా అమ్మ పప్పుగిన్నెలో ఎవరి చెయ్యయినా పెట్టనిచ్చేది, తిన్న గరిటె పెడితే మాత్రం వీపు విమానం మోత మోగేది. అయితే నిషికసాయి తమ్ముడూ, ఇక్కడ వెనక్కి పెట్టకూడదన్నది నిజమే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

కానీ రావు గారూ, ఈ బెల్టు అసలు ఎందుకు పుట్టిందో తెలుసా? షిరాయిషి యోషియాకి అనే ఆయన ఇక్కడే నిలబడి తినే చిన్న సుషీ దుకాణం నడిపేవాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీ కూలీలే గిరాకీ. తక్కువ ధరకి పెట్టాలి, పనివాళ్ళు దొరకరు. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద పోవడం చూశాడు. 1958లో ఇప్పటి హిగాషిఒసాకాలో మొదటి షాపు తెరిచాడు. 1970 ఒసాకా ఎక్స్‌పోలో జనం చూశాక దేశమంతా పాకింది. అప్పటిదాకా సుషీ అంటే మాస్టారు ఎదురుగా కూర్చోవాలి, ఏం అడగాలో తెలియాలి, ధర అడగడానికి మొహమాటం. బెల్టు వచ్చాక ఎవరినీ అడగక్కర్లేకుండా కూలివాడు కూడా వచ్చి నచ్చింది తీసుకుని తినిపోయాడు. అలాంటి చోట ఇంకొకడి బల్ల మీదికి తొంగి చూసి పరువు కొలవడం ఏం పద్ధతి?

కవాసాకి_రావు:
చరిత్ర బాగుందమ్మా. కూలీలు కూడా ప్లేటు వెనక్కి పెట్టలేదు.

ఒసాకా_సుబ్బలక్ష్మి:
మీరు చూశారా?

గేర్‌బాక్స్:
సుషిరోలో బెల్టు మీద తిప్పే రోజుల్లో ప్లేటు అడుగున ఐసీ ట్యాగు, అంటే చిన్న చిప్పు, ఉండేది. 350 మీటర్లు తిరిగిన ప్లేటుని మిషనే పక్కకి తోసి పారేసేది. సెకనుకి 8 సెంటీమీటర్లే అనుకుంటే గంటా పదమూడు నిమిషాలు. కాబట్టి ఆ ప్లేటు పరాయివాళ్ళు తినక ముందే పోయి ఉండొచ్చు.

వంకాయ_బజ్జీ:
గేర్‌బాక్స్ అన్నా, అది ఆ షాపు కాదని ఆయన చెప్పాడు.

మియాబి_పిల్ల:
నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బల్ల మీదున్న కుళాయి చేతులు కడుక్కోవడానికనుకుని నొక్కాను. అది టీకి పెట్టిన సలసల కాగే నీళ్ళు. నాలుగు రోజులు వేలికి బర్నాల్. పక్క డబ్బాలో పచ్చ పొడి, సుషీకి వేసుకునే ఘాటు వసాబి అనుకుని ట్యూనా మీద చల్లుకున్నాడు మా ఆయన. అది టీ పొడి. షాపులో అమ్మాయి నవ్వు ఆపుకుని కొత్త ప్లేటు తెచ్చి పెట్టింది. ఎవరి పరువూ పోలేదు.

కవాసాకి_రావు:
మీకు పోలేదు. నాకు పోయింది, చెప్తాను వినండి. 2019లో ఇల్లు వెతుకుతున్నాం. బ్రోకరు నా ముందే యజమానికి ఫోన్ చేశాడు, "ఇండియన్ అండీ" అన్నాడు, రెండు నిమిషాలు "హై, హై" (సరే, సరే) అని పెట్టేశాడు. ఇదివరకు అద్దెకున్న మనవాళ్ళ వల్ల ఏదో ఇబ్బందయిందట, వంట వాసనో చెత్తో. ఏడిళ్ళు. ఏడిళ్ళకీ అదే మాట. నా భార్య అప్పుడు ఏడో నెల గర్భవతి. నేను చెత్త విడివిడిగా వేస్తాను, రాత్రి తొమ్మిది దాటితే వాషింగ్ మిషన్ వెయ్యను, రైల్లో ఫోన్ ఎత్తను. పదకొండేళ్ళు ఇలాగే బతికాను. ఎవరో ఒకడు వచ్చి రెండు వారాలు సరదాగా ఉండి పోతాడు, బిల్లు నేను కడతాను. ఆ పక్క బల్ల ఆయన ఎవరో నాకు తెలీదు. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మాట నాకు అర్థమైంది.

కందిపప్పు:
మరి వెజ్ సంగతి?

వంకాయ_బజ్జీ:
ఏడిళ్ళు ఇవ్వనన్నది ఆ యజమానులు. కోపం రాజమండ్రి ముసలాయన మీదా?

కవాసాకి_రావు:
ముసలాయన మీద కాదు. తీసుకెళ్ళిన అల్లుడి మీద. లోపలికి అడుగు పెట్టేముందు "మామయ్యా, తీసింది వెనక్కి పెట్టకూడదు" అని ఒక్క మాట చెప్పొచ్చు కదా. అది చెప్పడానికి నోరు రాలేదు గానీ ఇక్కడ ఎంగిలా కాదా అని పంచాయితీ పెట్టడానికి వచ్చింది.

నిషికసాయి_నివాసి:
రావు గారూ, మీ ఇంటి సంగతికి నిజంగా బాధేసింది. కానీ "సరదాగా ఉండి పోతాడు" అన్నారే, ఆయన వచ్చింది మనవడిని చూడ్డానికి. పద్నాలుగు నెలల పిల్లాడిని ఫోన్‌లో తప్ప చూడలేదు.

ఎంగిలి అని అడిగాను, ఒప్పుకుంటాను, అడగాల్సింది అది కాదు. ఆ రాత్రి భోజనం దగ్గర మామగారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. "బాబూ, నేను చేసిన దానివల్ల నీ ఉద్యోగానికేమైనా ఇబ్బందా? వాళ్ళు మీ ఆఫీసుకి చెప్తారా?" అని. ఇరిగేషన్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. మర్నాడు పార్కుకి పోదామంటే రాలేదు. "అక్కడ కూడా ఏమైనా రూల్సు ఉంటాయేమో" అన్నారు. ఆ షాపులో జపాను వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదండీ. అన్నది మనవాడు. ఆయనకి అర్థమయ్యే భాషలో అన్నాడు, అదీ బాధ.

కవాసాకి_రావు:
వాళ్ళు అనరు. అదే మీకు అర్థం కావట్లేదు. నవ్వుతూ కొత్త ప్లేటు తెస్తారు, మియాబి గారికి తెచ్చినట్టు. తర్వాత ఇల్లు ఇవ్వరు. మొహం మీద అనేది మనవాళ్ళే. మనవాళ్ళు కాకపోతే ఎవరు చెప్తారు?

ఒసాకా_సుబ్బలక్ష్మి:
చెప్పడం వేరు, అనడం వేరు. లేచి వచ్చి "బాబాయ్ గారూ, ఇక్కడ వెనక్కి పెట్టకూడదండీ, నా బల్ల మీద పెట్టెయ్యండి, నేను తింటాను" అంటే అది చెప్పడం. గాల్లోకి విసిరిన మాట పెద్దాయనకి చెప్పింది కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకి వినిపించింది. "నేను వీళ్ళలాంటివాడిని కాదు" అని. ఆ వాళ్ళకి తెలుగు రాదన్న సంగతి కూడా మర్చిపోయాడు పాపం.

మియాబి_పిల్ల:
🙏 అక్కా.

కవాసాకి_రావు:
...సరే. మాటతీరు బాగోలేదు, ఒప్పుకుంటున్నాను. నేనైతే అలా అనేవాడిని కాదు అని రాయబోయి ఆగాను. అనేవాడినేమో. పోయినేడాది ఒకావిడని రైల్లో అన్నాను, బ్లూటూత్ లేకుండా పాటలు పెడితే. ప్లేటు వెనక్కి పెట్టడం మాత్రం తప్పే.

నిషికసాయి_నివాసి:
నేనెక్కడ కాదన్నాను? ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మా ఆవిడకి ఆ మనిషి మీద కోపం లేదు, నా మీద ఉంది. ఆయన ఆ మాట అన్నప్పుడు నేను తల దించుకుని తెర మీద ఆర్డరు వెతుకుతున్నట్టు నటించాను. "మా నాన్ననంటే నీకు వినపడలేదా" అంటోంది. వినపడింది. నాకూ సిగ్గేసింది, ఆ క్షణంలో మామగారి వల్లే సిగ్గేసింది. ఇది ఇంట్లో చెప్పలేదు, పేరు కనపడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

గేర్‌బాక్స్:
ఈసారి ఆర్డరు మాత్రమే వచ్చే చోటికి తీసుకెళ్ళండి. పై వరసలో విడిగా లైను ఉంటుంది, ప్లేటు నేరుగా మీ బల్ల ముందే ఆగుతుంది. వెనక్కి పెట్టే అవకాశమే ఉండదు. లేదా కురాకి వెళ్ళండి, ఖాళీ ప్లేట్లు బల్ల పక్క కన్నంలో వేస్తే 5 ప్లేట్లకి ఒకసారి తెర మీద ఆట వస్తుంది, గెలిస్తే పైనుంచి బొమ్మ పడుతుంది. మనవడున్నాడు కదా.

నిషికసాయి_నివాసి:
ఆ బొమ్మ సంగతి మామగారికి చెప్పాను ఇప్పుడే. "పది ప్లేట్లంటే రెండుసార్లు ఆడొచ్చా" అని అడిగారు. తర్వాత కాసేపాగి "మూత ఎలా తీయాలో నువ్వు ముందు చూపించు" అన్నారు. ఆదివారం చూడాలి.

వంకాయ_బజ్జీ:
మయోనైజు వేసినవి ఫొటోలోనే తెల్లగా కనిపిస్తాయి, ముందే చూపించండి ఆయనకి.

కందిపప్పు:
అందరికీ నమస్కారం. మూడోసారి అడుగుతున్నాను.

ఒసాకా_సుబ్బలక్ష్మి:
అయ్యో, నిన్ను మర్చేపోయాం నాయనా. కప్పా మకి తిను, అన్నం చుట్టలో కీరా దోసకాయ ఒక్కటే. నత్తో, అదే పులియబెట్టిన సోయా గింజలు, ఆ వాసన తట్టుకోగలిగితే నత్తో మకి, అయితే సాసులో చేప రసం ఉండొచ్చు, అది పోసుకోకు. ఇనారి తియ్యగా బాగుంటుంది గానీ ఆ టోఫు పొరని మామూలుగా ఎండు చేప కాచిన రసంలోనే ఉడికిస్తారు, మిసో సూపూ అంతే. గట్టి శాకాహారివైతే అవి వదిలెయ్. బంగాళాదుంప వేపుడు దాదాపు అన్ని చోట్లా ఉంటుంది.

కందిపప్పు:
సుషీ షాపుకెళ్ళి బంగాళాదుంప వేపుడా. సరే అక్కా. ఇంటి నుంచి పులిహోర తిని వెళ్తా.