సూపర్‌ఛార్జర్ పక్కన దాగిన బైపాస్ ఫ్లాప్: మొత్తం దించాలా, ఉన్నచోటనే సరిచేయవచ్చా?

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2007 నాటి మెర్సిడెస్ సి200 కొంప్రెసర్ ఉంది. ఎం271 ఇంజన్, 1796 సీసీ, నాలుగు సిలిండర్లు, బెల్టుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్. ఇన్నేళ్ళూ పెద్దగా ఇబ్బంది పెట్టని బండి ఈ మధ్య సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు సరిగా లాగడం లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే ముందు తటపటాయించి, ఆ తరువాత ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఐడిలింగ్‌లో సన్నగా వణుకుతోంది. బానెట్ ఎత్తి వింటే, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింది నుంచి ఈల వేసినట్టు శబ్దం వస్తోంది; యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆ శబ్దం ఆగిపోతుంది. స్కానర్ పెట్టి చూస్తే, మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉందని చెప్పే పి0171 కోడుతో పాటు, సూపర్‌ఛార్జర్ బైపాస్ ఫ్లాప్‌కు సంబంధించిన మరో కోడు కూడా కనిపించింది.

నేను చూపించిన షెడ్డువారు, ఆ ఫ్లాప్ చేయి పట్టని చోట ఉంది కాబట్టి సూపర్‌ఛార్జర్‌ను పూర్తిగా దించి, ఫ్లాప్ సెట్టింగ్ మార్చి, మళ్ళీ బిగించాలంటున్నారు. కూలి మాట అటుంచితే, ఇన్నేళ్ళుగా కదపని బోల్టులు సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంటాయని, వాటిలో ఒకటి విరిగినా పని ఇంకో దారి పడుతుందని నా భయం. సూపర్‌ఛార్జర్‌ను దించకుండా ఆ ఫ్లాప్‌ను తీయవచ్చా, అసలు దానికి చేతితో చేసే సెట్టింగ్ అంటూ ఒకటి ఉంటుందా అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం (గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపే సభ్యుడు)

అయ్యా, పానా పట్టే ముందు మీ రెండు కోడులనూ విడదీసి చూడాలి. అవి రెండూ ఒకే చోటి నుంచి వచ్చినవి కాకపోవచ్చు.

మీ ఇంజన్‌లో గాలి ఫిల్టర్ దాటి సూపర్‌ఛార్జర్‌లోకి, అక్కడి నుంచి ఇంటర్‌కూలర్‌లోకి, ఆ తరువాత థ్రాటిల్ (యాక్సిలరేటర్‌ను బట్టి గాలిని వదిలే తలుపు) దాటి మానిఫోల్డ్‌లోకి వెళుతుంది. ఎం45 అంటే ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 0.74 లీటరు గాలిని ముందుకు నెట్టేది. మీ బండిలో దానికి విడిగా క్లచ్ లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతూనే ఉంటుంది. ఐడిలింగ్‌లో అంత గాలితో పని లేదు కనుక, బైపాస్ ఫ్లాప్ తెరుచుకుని, సూపర్‌ఛార్జర్ నుంచి బయటికి వచ్చిన గాలిని మళ్ళీ దాని ముఖద్వారానికే పంపిస్తుంది. మీరు గట్టిగా తొక్కినప్పుడు ఫ్లాప్ మూసుకుని గాలి అంతా ఇంజన్‌కు చేరుతుంది. ఫ్లాప్ తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే బండి లాగదు, మూసిన స్థితిలో ఇరుక్కుంటే చప్పుడు, వేడి, పెట్రోలు ఖర్చు పెరుగుతాయి.

అయితే ఈ తిరుగుడంతా థ్రాటిల్‌కు ముందే జరుగుతుంది. లోపలికి వచ్చిన గాలే మళ్ళీ తిరుగుతోంది తప్ప, బయటి గాలి కొత్తగా చేరడం లేదు. కాబట్టి ఫ్లాప్ ఎంత పాడైనా పి0171 దాని వల్ల రావడం అరుదు. ఐడిలింగ్‌లో ఈల, తొక్కగానే ఆ ఈల ఆగిపోవడం అనేవి థ్రాటిల్ దాటిన తరువాత ఎక్కడో గాలి పీల్చుకుంటున్నదని చెప్పే గుర్తులు. ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మాత్రమే ఉంటుంది; బయట మన విశాఖలో, సముద్రమట్టం కనుక, సుమారు 100 ఉంటుంది. ఆ తేడా ఉన్నప్పుడు వెంట్రుకంత చీలిక కూడా ఈల వేస్తుంది. ఈ వయసు బండ్లలో నేను ముందుగా అనుమానించేది మానిఫోల్డ్ కింద ఉండే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టాన్ని, అంటే ఇంజన్ అడుగు భాగంలోని ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టాన్ని. వేడికీ ఆయిల్ ఆవిరికీ రబ్బరు గట్టిపడి, వంపు దగ్గర లోపలివైపు చీలుతుంది. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే మాత్రం పెంకులా విరుగుతుంది. ఇందులో తయారీదారును తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఇన్నేళ్ళ తరువాత ఏ రబ్బరైనా అంతే.

అందుచేత ముందు స్మోక్ టెస్ట్ చేయించండి. ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి, ఎక్కడ బయటికి వస్తున్నదో టార్చిలైటుతో చూడడమే ఆ పరీక్ష. ఆ తరువాత స్కానర్‌లో ఫ్లాప్‌కు యాక్చుయేటర్ టెస్ట్ పెట్టి, కంప్యూటర్ అడిగిన శాతమూ ఫ్లాప్ నిజంగా చేరుకున్న శాతమూ పక్కపక్కన చూడండి. రెండూ వెంట వెంటనే కలుస్తుంటే ఫ్లాప్‌ను ముట్టుకోనక్కరలేదు. వెనుకబడి కదులుతుంటే దానిమీద జిడ్డు పేరుకున్నదని అర్థం.

ఇక సెట్టింగ్ విషయం. కొన్ని ఇతర బండ్లలో ఇదే జాతి సూపర్‌ఛార్జర్‌కు వ్యాక్యూమ్ డబ్బాతో పనిచేసే బైపాస్ ఉంటుంది, దానికి మర తిప్పే ఆపుదల స్క్రూ ఉంటుంది. మీ బండిలో ఫ్లాప్‌ను కదిలించేది కరెంటు మోటారు. దానికి స్క్రూతో చేసే సెట్టింగ్ లేదు. పూర్తిగా మూసిన స్థానమూ, పూర్తిగా తెరిచిన స్థానమూ ఏవో కంప్యూటర్‌కు స్కానర్ ద్వారా నేర్పించాలి, అంతే. చేత్తో ఫ్లాప్‌ను బలవంతంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు దెబ్బతింటాయి. ఆ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న వేసిన సభ్యుడు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. స్మోక్ టెస్ట్ జరిగింది. పొగ మానిఫోల్డ్ కిందనే, వెనక్కి తిరిగే వంపు దగ్గర బయటపడింది. ఫ్లాప్ మాత్రం మూసుకునేటప్పుడు కంప్యూటర్ అడిగినదానికి స్పష్టంగా వెనుకబడుతోంది. అంటే రెండు పనులూ చేయాలన్నమాట. ఆ గొట్టం దగ్గరికి కింది నుంచి రెండు వేళ్ళు మాత్రమే పోతున్నాయి. మానిఫోల్డ్ విప్పకుండా కింది నుంచే గొట్టం మార్చవచ్చని షెడ్డులో ఒకరు, వీలుకాదని మరొకరు అంటున్నారు.

సమాధానం (ఉక్కు కర్మాగారంలో మెషిన్ మెయింటెనెన్స్ చేసి పదవీ విరమణ పొందిన సభ్యుడు)

కింది నుంచి మార్చవచ్చన్నది నిజమే కావచ్చు, కాని నేనైతే మానిఫోల్డ్ తీయడానికే మొగ్గుతాను. పాత గొట్టం విరిగిన ముక్కలు బ్లాకు వైపు ప్లాస్టిక్ ముక్కుకు అతుక్కుని ఉంటాయి. కనపడని చోట స్క్రూడ్రైవర్‌తో వాటిని పెకలిస్తే ఆ ముక్కు కాస్తా విరగవచ్చు, అప్పుడు పని రెట్టింపు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ ఖరీదు దానితో పోలిస్తే చాలా తక్కువ. పైగా మానిఫోల్డ్ తీశాక, ఫ్లాప్ ఉన్న వైపు కూడా చోటు దొరుకుతుంది కనుక సూపర్‌ఛార్జర్ బోల్టుల జోలికి పోనక్కరలేదు.

మన ఊళ్ళో అసలు ఇబ్బంది బోల్టులే. బీచ్ రోడ్డుకు దగ్గరగా రాత్రంతా బయట నిలిపే బండికి, అల్యూమినియం బ్లాకులో దిగిన ఉక్కు బోల్టు చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. ఉప్పు తేమ తగిలితే రెండు లోహాల మధ్య అల్యూమినియమే తినబడుతుంది. అందుకని ముందురోజు సాయంత్రం, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, ప్రతి బోల్టు మొదట్లో పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. ఉదయం విప్పబోయే ముందు బోల్టును ఆవగింజంత బిగించే వైపుకు కదిపి, అప్పుడు విప్పండి. పట్టు వదిలేటప్పుడు టక్కుమని పొడిగా శబ్దం వస్తే మంచిదే. శబ్దం లేకుండా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపి, మళ్ళీ ఆయిల్ వేయండి, ఎందుకంటే ఆ సాగుడు తరువాత బోల్టు విరగడమే. ఈ బండ్లలో చాలా బోల్టుల తలలు నక్షత్రాకారంలో ఉంటాయి కనుక, వాటికి సరిపడే ఇ-టార్క్స్ సాకెట్లే వాడాలి. దగ్గరగా ఉందని ఆరు మూలల సాకెట్ ఎక్కిస్తే తల గుండ్రబడుతుంది.

బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, ఇన్‌టేక్ గొట్టాలు తీశాక, తెరుచుకున్న ప్రతి రంధ్రానికీ ఆ క్షణమే టేపు వేయండి. గుడ్డ కుక్కవద్దు, నూలు పోగులు లోపలికి జారతాయి. సూపర్‌ఛార్జర్ లోపల తిరిగే రోటర్ల మధ్య సందు కంటికి ఆననంత సన్నం, వాటిపై పూత కూడా ఉంటుంది. చిన్న వాషర్ పడినా సూపర్‌ఛార్జర్‌తో పని అయిపోయినట్టే. అదే కారణంగా కార్బురేటర్ క్లీనర్‌ను నేరుగా లోపలికి కొట్టకండి. ఫ్లాప్ రెక్కను, దాని ఇరుసు చుట్టూ ఉన్న నల్లని జిగురును, క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడవడమే చాలు. మోటారు వైపుకు ద్రవం కారకుండా పట్టుకోవాలి.

వెనుక వైపు బోల్టు ఒకటి కంటికి కనిపించదు. చిన్న అద్దాన్ని కర్రకు కట్టి చూసుకుని, తరువాత వేలితో తడిమి సాకెట్ ఎక్కించాలి. బిగించేటప్పుడు మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పండి. అల్యూమినియంలోకి దిగే ఎం6 (6 మి.మీ.) బోల్టుకు సాధారణంగా 9 నుంచి 10 న్యూటన్ మీటర్లు, ఎం8 అయితే 20 వరకు వాడతారు. మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

సమాధానం (మద్దిలపాలెం నుంచి మరో సభ్యుడు)

పైవారితో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. పని అయ్యాక ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో స్కానర్‌లో చూపే శాతం) సున్నాకు వస్తుందని ఎదురుచూడకండి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. బరువు లెక్కన ఒక పాలు శుద్ధ పెట్రోలు మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్ళు చాలు. పాత బండి కంప్యూటర్ ఆ తేడాను పూడ్చడానికి ఎక్కువ పెట్రోలు పోస్తుంది కనుక, లీకు ఏమీ లేకపోయినా ట్రిమ్ కొంత ప్లస్‌లోనే ఉంటుంది. తేడా పట్టే పద్ధతి సులభం. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర బాగా తగ్గితే గాలి లీకు ఇంకా ఉన్నట్టు, రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉంటే అది పెట్రోలు ప్రభావం.

సమాధానం (ఆటోనగర్ సభ్యుడు)

ఉక్కు కర్మాగారం మాస్టారు చెప్పినట్టు మానిఫోల్డ్ తీయడమే మంచిది, నాకూ అభ్యంతరం లేదు. గొట్టంతో పాటు అందులో ఉండే నాన్-రిటర్న్ వాల్వ్‌ను కూడా తప్పక మార్పించండి. నోటితో ఊదితే ఒక వైపే గాలి పోవాలి. అది పనిచేయకపోతే, మీరు ఘాట్‌లో గట్టిగా తొక్కినప్పుడు సూపర్‌ఛార్జర్ ఒత్తిడి క్రాంక్‌కేస్‌లోకి వెళ్ళి, ఆయిల్ సీళ్ళ దగ్గర, డిప్‌స్టిక్ దగ్గర ఆయిల్ బయటికి నెడుతుంది. అంతా బిగించాక బ్యాటరీకి చార్జర్ తగిలించి, వోల్టేజ్ పడిపోకుండా చూసుకుంటూ ఫ్లాప్‌కూ థ్రాటిల్‌కూ లెర్నింగ్ చేయించండి. వోల్టేజ్ తక్కువగా ఉంటే లెర్నింగ్ మధ్యలో ఆగిపోయి, బాగు చేసిన ఫ్లాప్‌కే మళ్ళీ కోడు వస్తుంది. కోడులు తుడిచి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మరోసారి అడిగిన శాతం, చేరిన శాతం పక్కపక్కన చూడండి. అప్పటికీ వెనుకబడితే మోటారు మార్చాలి; ఆ కొలతలు చూశాకే మోటారు తెప్పించాలో లేదో నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న వేసిన సభ్యుడు

మోటారు ఇప్పుడే తెప్పించను. గొట్టం, వాల్వ్, మానిఫోల్డ్ గ్యాస్కెట్ మాత్రం ఆర్డరు పెట్టాను, అవి వచ్చాకే బండి విప్పిస్తాను. ఈలోగా ఘాట్ వైపు తీసుకువెళ్ళను.