అష్టాచెమ్మాలో చంపకుండా లోపలికి పోనివ్వొచ్చా?

వేసవి_లోగిలి
సెలవులకు అక్కచెల్లెళ్ళ పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అందరూ ఒకచోట చేరుతున్నారు. ఆరేళ్ళ పిల్ల నుంచి అరవై దాటిన పెదనాన్న దాకా ఒకే పటం చుట్టూ కూర్చోవాలి. ఐదు వరుసల్లో ఐదేసి గళ్ళ పటం, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. అంతవరకు పేచీ లేదు. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి చేరి కనీసం ఒకదాన్ని చంపితేనే, అంటే ఇంటికి పంపితేనే, లోపలి గళ్ళలోకి పోవాలనే నియమం దగ్గరే ఇల్లు రెండుగా చీలింది. మీ వైపు ఎలా ఆడతారు?

గవ్వలపేట
చంపాల్సిందే. అది తీసేస్తే మిగిలేది గవ్వలు వేసి గళ్ళు లెక్కపెట్టుకోవడమే. ఇంటి గడి నుంచి బయటి వరుసలో 15 అడుగులు, లోపలి వరుసలో 8, నడిమి గడిలోకి 1. కాయకు 24, నాలుగు కాయలు పండాలంటే 96. బయటి వరుసలో ఇంటూ పెట్టిన, కాయను చంపకూడని గళ్ళ మధ్య దూరం సరిగ్గా నాలుగు. చెమ్మా, అంటే నాలుగు, పడినా, రెండూ రెండూ పడినా ఒక ఇంటూ గడిలోంచి ఇంకో ఇంటూ గడిలోకి చేరిపోవచ్చు. చంపే అవసరం లేకపోతే అందరూ అలా దాక్కుంటూనే పోతారు. చంపాలంటే నీడ వదిలి బయటికి రావాలి. ఆట అంతా అక్కడే ఉంది.

పాలమూరు_పోరి
మా దిక్కు గూడ గంతే. సంపకుంట లోపలికి పోనియ్యరు.

గోదారిగట్టు
గవ్వలపేట గారూ, లెక్క సరే. మిగతా ముగ్గురి కాయలూ లోపలికి పోయాక బయట మిగిలినవాడు ఎవర్ని చంపాలి? చంపుదామంటే బయట కాయ లేదు, చంపకపోతే దారి లేదు. గానుగెద్దులా పటం చుట్టూ తిరగడమే వాడి పని. ఒక్క చుట్టుకు 16 గళ్ళు, పందెం సగటున రెండున్నర. అంటే ఆరేడు పందేలు వేస్తే తిరిగి మొదటికే వస్తాడు. ఆ మిగిలేవాడు ప్రతిసారీ అందరికన్నా చిన్నవాడే. ఈ సంగతి ఎవరూ మాట్లాడరేం?

గవ్వలపేట
అంటే ఓడిపోయాడన్నమాట. అంతదాకా ఎందుకు రానిచ్చుకోవాలి? మొదట్లో పటం మీద 16 కాయలుంటాయి, వేట అప్పుడే కానివ్వాలి. పద్ధతి చెబుతాను. మన కాయ ఒకదాన్ని ఎదుటివాడి ఇంటి గడిలోనే కూర్చోబెట్టాలి. అది ఇంటూ గడి కాబట్టి మనల్ని ఎవరూ ముట్టలేరు. వాడి కాయ అక్కడి నుంచి రెండు గళ్ళు కదిలిందనుకోండి, మనకు రెండు పడితే చాలు, చచ్చింది. రెండు పడే వీలు 16లో 6, అన్నిటికన్నా ఎక్కువ. ఒకటికి 4, మూడుకి 4, చెమ్మాకి 1, అష్టాకి, అంటే ఎనిమిదికి, 1. చంపినందుకు ఇంకో పందెం కూడా వస్తుంది. చాలామంది నాలుగు కాయలూ ఒకేసారి బయటికి తీసి అన్నిటినీ పోగొట్టుకుంటారు. తప్పు నియమానిది కాదు.

రాయిచెట్టు
మా ఇంట్లో పులీమేకే. ఈ గొడవ లేదు.

పిక్కలబుట్ట
ఆ 16లో 6 లెక్క గవ్వలు రెండు వైపులా సమంగా పడితేనే. చింతపిక్కలతో ఆడితే ఆ లెక్క పూర్తిగా మారుతుంది. గరుకు బండ మీద నీళ్ళు చల్లి ఒక వైపు అరగదీస్తాం కదా, నల్ల పొట్టు పోయి తెల్లగా వచ్చేదాకా. అరిగిన వైపు బల్లపరుపు, రెండో వైపు గుండ్రం. అందుకే సమంగా పడవు. ఒక్కో పిక్క పదింట ఆరుసార్లు తెల్లగా పడుతోందనుకోండి. నాలుగూ తెల్లగా పడే చెమ్మా ఎనిమిది పందేలకు ఒకటి వస్తుంది, నాలుగూ నల్లగా పడే అష్టా 39కి ఒకటి. చెమ్మా గానీ అష్టా గానీ వరసగా మూడుసార్లు పడితే చెల్లదనే నియమం ఉన్న ఇంట్లో ఈ తేడా బాగా కొడుతుంది. ఒక్కో పిక్కను విడిగా 50 సార్లు వేసి చూడండి. తెలుపు 20కి తగ్గినా 30కి మించినా పక్కన పడేసి వేరేది అరగదీయండి. నలుగురికీ ఒకే పిక్కలు. ఎవరి పిక్కలు వాళ్ళు తెచ్చుకుంటే ఆట మొదలవకముందే తగాదా.

హోసూరు_వాసి
మైసూరు వైపు చౌకాబారా అంటారు, పటం ఇదే. అక్కడా చంపితేనే లోపలికి అని ఆడేవాళ్ళు చాలామంది.

గోదారిగట్టు
ఎక్కడెక్కడ ఆడతారో నేనడగలేదు. ఎదుటివాడి ఇంట్లో కాపు కాయడం ఆరేళ్ళ పిల్లకు ఎవరు నేర్పుతారండీ? బావాబామ్మర్దులిద్దరూ ఒక్కటై ఒక పిల్ల కాయలనే వెంటాడితే ఏ పద్ధతి పనికొస్తుంది? వరసగా చంపేసి, ఏడిస్తే “నువ్వు ఆటలో అరటిపండువిలే” అని పక్కన కూర్చోబెడతారు. అలా కూర్చోబెట్టినవాళ్ళలో ఇప్పటికీ గవ్వలు ముట్టనివాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. మీకది ఆట, వాళ్ళకది అవమానం.

గవ్వలపేట
నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, కాస్త నెమ్మదిగా అనండి. అరటిపండును చేసేది చంపడం కాదండీ, పోనీలే చిన్నపిల్ల అని చంపకుండా వదిలేయడం. వదిలేశారని ఆ పిల్లకు ఇట్టే తెలుస్తుంది. అదే పిల్ల పెదనాన్న కాయను పట్టుకుని ఇంటికి పంపి, ఇంకో పందెం నాదే అని గవ్వలు లాక్కుందనుకోండి, అప్పుడు కదా ఆటలో ఉన్నట్టు! నియమం తీసేస్తే ఆ ఒక్క అవకాశమూ పోతుంది. నా గొంతెందుకు లేస్తోందో ఇప్పుడైనా అర్థం చేసుకోండి.

గోదారిగట్టు
పెదనాన్న కాయను పిల్ల చంపడానికి నేనెప్పుడు అడ్డం చెప్పాను? చంపడం ఉంచండి, ఇంకో పందెం ఉంచండి. పిల్ల మధ్యలో లేచిపోయే ఆట నాకొద్దు. చివరిదాకా వేసే ప్రతి పందేనికీ ఏదో ఒక ఫలం ఉండాలి. బయట చంపడానికి ఎదుటివాళ్ళ కాయ ఒక్కటీ మిగలనప్పుడు, చంపనివాడికీ తలుపు తెరవాలి. నేనడిగేది అంతే.

వేసవి_లోగిలి
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే సగం గొడవ తగ్గేది. ఇలా పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

గవ్వలపేట
నాకుంది. తలుపు ఎలాగూ తెరుస్తారని తెలిస్తే ఇంటూ గళ్ళలో దాక్కుని కాలం గడుపుతారు.

పాలమూరు_పోరి
దాంకుంటే ఎట్ల అన్నా? పందెం పడ్డంక కాయ జరపాల్నే కద. నాలుగు కాయలు నాలుగు ఇంటూ గళ్ళల్ల ఉన్నా, రెండు పడితే ఒకటి బయటికి రావాల్నే. జరపనని కూసుంటే ఎవలు ఒప్పుకుంటరు?

పిక్కలబుట్ట
నిజమే. ఒక ఇంటూ గడిలోంచి ఇంకోదానికి ఒక్క పందెంలో చేరాలంటే చెమ్మాగానీ అష్టాగానీ పడాలి. సమంగా పడే గవ్వలతో ఆ రెండూ కలిపి ఎనిమిదింట ఒకసారే. దాక్కోవడం ఎంతోసేపు సాగదు.

గవ్వలపేట
సరే, పెట్టుకోండి. కానీ ఆఖరి కాయ లోపలికి పోయిన వెంటనే తలుపు తీయకూడదు. పందెం ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆ చంపనివాడి వంతు వచ్చాకే తీయాలి.

గోదారిగట్టు
ఒక చుట్టు ఎందుకు? లోపలున్న కాయ ఎవరిదైనా ఈలోగా చచ్చి ఇంటికి తిరిగొస్తే?

గవ్వలపేట
ఇంటి గడిలో ఉన్నంతసేపూ దాన్ని చంపలేం. అది బయట కదిలితే మళ్ళీ వేటే. తలుపు మూసేయాలి.

గోదారిగట్టు
ఒకసారి తెరిచిన తలుపు మూయడానికి నేనొప్పుకోను.