లెండ్-లీజ్‌ని తెలుగులో ఏమనాలి? అప్పా, అరువా, ఎరువా?

పోటీ పరీక్షల పిల్లల కోసం రెండో ప్రపంచయుద్ధంలోకి దిగక ముందరి అమెరికా విదేశాంగ విధానం మీద పాఠం రాస్తున్నాను. 1941 మార్చి 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన లెండ్-లీజ్ చట్టం (బ్రిటన్ లాంటి దేశాలకు అప్పటికప్పుడు డబ్బు అడక్కుండా యుద్ధ సామగ్రి ఇచ్చేందుకు చేసినది) దగ్గర కలం ఆగింది. ఓ పాత నోట్సులో ‘అరువు-కౌలు చట్టం’ అని ఉంది. ఎందుకో మనసొప్పడం లేదు. మీరైతే ఏమంటారు?

— అరువు అనగానే నాకు కిరాణా కొట్టు బోర్డు కళ్ళముందు కొచ్చింది మాస్టారూ: ‘నేడు నగదు, రేపు అరువు’. తమాషా ఏమిటంటే అమెరికా అచ్చం ఆ బోర్డు ప్రకారమే నడిచింది. 1934లో జాన్సన్ చట్టం: మొదటి యుద్ధం నాటి బాకీ ఎగ్గొట్టిన దేశాలకు కొత్త అప్పు పుట్టదు. 1935లో మొదటి తటస్థతా చట్టం: కొట్టుకునేవాళ్ళలో ఎవరికీ ఆయుధాలు అమ్మం. 1939 నవంబరులో కాస్త మెత్తబడి ‘క్యాష్ అండ్ క్యారీ’ అన్నారు. డబ్బు చేతిలో పెట్టు, సరుకు నీ ఓడలోనే వేసుకుని పో. 1940 చివరికి బ్రిటన్ గల్లాపెట్టె అడుగంటింది. అదిగో, అప్పుడొచ్చింది ఆ ‘రేపు’!

— బోర్డు బాగుంది గానీ, అరువంటే చివరికి డబ్బు బాకీయే కదండీ. రూజ్‌వెల్ట్ తప్పించుకోవాలనుకున్నది ఆ డబ్బు మాటనే. 1940 డిసెంబరు 17న విలేకరులకు చెప్పిన పిట్టకథ చూడండి. పొరుగింటికి నిప్పంటుకుంది, నా దగ్గర తోటకు నీళ్ళు పెట్టే గొట్టం ఉంది. పదిహేను డాలర్లు పెట్టి కొన్నాను, ఆ డబ్బివ్వు అంటానా? మంట ఆరాక నా గొట్టం నాకిస్తే చాలంటాను. ఇది అరువు కాదు, ఎరువు. మా అమ్మమ్మ పెళ్ళిళ్ళకు ఎరువు తెచ్చుకున్న కాసులపేరు లాంటిది. ఆ వస్తువే తిరిగెళ్ళాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్నది దాని గురించే.

— ‘ఎరువు-కౌలు చట్టం’ అని రాస్తే పిల్లలు వ్యవసాయ శాఖది అనుకుంటారు సార్ 😄

— కాసులపేరు తిరిగొస్తుంది, పేల్చేసిన గుండు తిరిగొస్తుందా? ఈ చట్టాన్ని వ్యతిరేకించిన అమెరికా సెనేటర్ టాఫ్ట్ ఎత్తిపొడుపూ అదే. యుద్ధ సామగ్రి ఎరువివ్వడం చూయింగ్ గమ్ ఎరువివ్వడం లాంటిది, నమిలిందే తిరిగిస్తానంటే ఎవడిక్కావాలి అన్నాడు.

ఇక కౌలు సంగతి. అసలైన కౌలు అంతకు ముందే, అటునుంచి ఇటు జరిగింది. 1940 సెప్టెంబరులో అమెరికా బ్రిటన్‌కు 50 పాత డిస్ట్రాయర్లు (యుద్ధనౌకలు) ఇచ్చి, న్యూఫౌండ్‌లాండ్, బెర్ముడా, కరీబియన్ దీవుల్లో స్థావరాలు 99 ఏళ్ళకు తీసుకుంది. కౌలుదారు అమెరికా, భూస్వామి బ్రిటన్.

— మనిళ్ళలో దీనికి మాట ఉంది కదా: బదులు. పక్కింట్లో గ్లాసుడు పంచదార బదులు తెస్తాం. ఆ పంచదారే తిరిగివ్వం, డబ్బూ ఇవ్వం. మనకొచ్చాక అంతే కొలిచి ఇస్తాం. ఒక్కోసారి గోంగూర ఇచ్చి సరిపెడతాం, ఆవిడా ఏమీ అనదు. చట్టంలోనూ ఇంతే. తిరిగి చెల్లింపు వస్తురూపంలో ఉండొచ్చు, లేదా అధ్యక్షుడికి తృప్తి కలిగించే మరే ప్రయోజనమైనా కావచ్చు.

మన దేశానికీ ఇందులో ఓ ముక్క ఉంది. 1944లో నాణేల కోసం అమెరికా ఈ చట్టం కిందే వెండి పంపింది. షరతు ఔన్సుకు ఔన్సు వెండే తిరిగివ్వాలని. దేశ విభజనలో పాకిస్తాన్‌కు పోగా మిగిలిన తన వాటాను 1957లో ఇండియా తిరిగిచ్చేసింది. పంచదార లెక్కే!

— మాస్టారూ, గోంగూరతో సరిపెట్టడం ‘తృప్తి కలిగించే ప్రయోజనం’ కిందికి వస్తుందా లేదా, మా పక్కింటావిణ్ణి అడిగి చెబుతాను.

— అందరికీ ధన్యవాదాలు. ‘బదులు చట్టం (లెండ్-లీజ్)’ అని రాస్తున్నాను. వెండి ముక్క కూడా పాఠంలో పెడుతున్నా. బ్రాకెట్లో మాట మాత్రం తీసెయ్యను, ప్రశ్నపత్రంలో వచ్చేది అదే మరి.