గంగమ్మ జాతర వేషాలు: వీధి వెలుతురులోనే తీయాలా, మన లైటు పెట్టాలా?

అలిపిరి_ఫ్రేమ్:
తిరుపతి గంగమ్మ జాతరను రాత్రిపూట తీసేవాళ్లకు నా మాట ఒక్కటే, లైటు పెట్టొద్దు. పెట్టగానే జనం కెమెరా వైపు తిరుగుతారు, జాతర పోయి షూటింగు మిగులుతుంది. సోనీ ఎఫ్‌ఎక్స్3 కెమెరాలో ఎస్-లాగ్3 (వెలుగునీడలు ఎక్కువ నిలుపుకునే రికార్డింగు పద్ధతి)కి రెండో బేస్ ఐఎస్‌ఓ, అంటే చిత్రం శుభ్రంగా వచ్చే రెండో మెట్టు, 12,800. భయపడి 6,400లో తీసేదానికన్నా అక్కడే గ్రెయిన్ (చుక్కలు) తక్కువ. 1975లో వచ్చిన 'బారీ లిండన్' సినిమాలోనే కెమెరామన్ జాన్ ఆల్కాట్ కొవ్వొత్తుల వెలుగుతో సీన్లు తీశాడు గదా?

కపిలతీర్థం_లెన్స్:
అన్నా, ఆల్కాట్ వాడింది 50 ఎంఎం ఎఫ్/0.7 జైస్ లెన్సు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దది). ఫోకస్ అందే లోతు అతి తక్కువ, నటులు కూర్చున్నచోట కదలకూడదు. ఊగుతా వచ్చే బండవేషానికి (ఒళ్లంతా కుంకుమ పూసుకునేది) అది కుదరదు, కనీసం ఎఫ్/2.8 కావాల.

అసలు చిక్కు తోటివేషంతో. ఒళ్లంతా బొగ్గు. నెత్తిమీద ట్యూబులైటుంటే ఆ మొహం నల్లటి ముద్దే, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెలీదు. ఐఎస్‌ఓ పెంచితే నలుపు బూడిదరంగుకు తిరుగుతుందే గానీ ఆకారం రాదు. పక్కనుంచి, కొంచెం వెనగ్గా చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ పట్టి చూడండి. చెమట మీద మెరుపు పడి చెంప ఎముక, దవడ గీత లేచొస్తాయి.

చిత్తూరు_గేటు:
ప్యానెల్‌ను నేరుగా కొట్టొద్దు. 'అపరాజితో' సినిమా (1956)లో కెమెరామన్ సుబ్రత మిత్ర కాశీ ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ కట్టించి, లైట్లు దానికి కొట్టి మెత్తటి వెలుగు తెచ్చాడు. మనకు తెల్ల పంచె, రెండు వెదురు కర్రలు చాలు. పంచెను మనిషికి 6 అడుగుల్లో ఉంచాల, 12 అడుగులకు పోతే వెలుగు సుమారు నాలుగో వంతే మిగులుతుంది. బండవేషం కుంకుమ ఇంకో గండం. ఎస్-లాగ్ కాని మామూలు ప్రొఫైల్‌ (రంగుల సెట్టింగు)లో తీస్తే మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గానే కనిపిస్తుంది, ఎరుపు ఛానెల్ మాత్రం పొంగిపోయి మొహం చదునైపోతుంది. ఆర్‌జీబీ పెరేడ్‌ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే గ్రాఫు)లో ఎరుపు పైకి ఆనుకుంటే ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు దించితే వెలుగు సగమవుతుంది) దించండి.

అలిపిరి_ఫ్రేమ్:
తోటివేషం సంగతి ఒప్పుకుంటా. బైరాగి వేషానికి మాత్రం ఒప్పుకోను. ఆ తెల్లపూత వీధిలైటుకే తళతళమంటుంది. ఎదురుగా పంచె వెలుగు వేస్తే పూతలోని పగుళ్లన్నీ మాయం.

కపిలతీర్థం_లెన్స్:
ఎదురుగా వేయమని ఎవరన్నారన్నా? పక్కనుంచి వేస్తే పగుళ్లు ఇంకా బాగా తెలుస్తాయి. మీ వీధిలైట్లతో ఇంకో తంటా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో లైట్లు మినుకుతాయి, అది కనపడకుండా షట్టర్ 1/50 సెకను ఉండాల. సెకనుకు 24 ఫ్రేములైతే షట్టర్ యాంగిల్ 172.8 డిగ్రీలు పెట్టండి. స్లోమోషన్‌కి 60 ఫ్రేములు, 1/120 పెడితే చిత్రం మీద పట్టీలు పాకుతాయి, 50 ఫ్రేములు, 1/100 మేలు. సీరియల్ బల్బుల సెట్లు కొన్ని ఈ లెక్కకు లొంగవు, ముందే పరీక్ష చేసుకోవాల.

చిత్తూరు_గేటు:
చౌక ప్యానెళ్లూ అంతే. 10 శాతానికి తగ్గిస్తే మినుకుతాయి. పూర్తిగా వెలిగించి పంచెను వెనక్కి జరపండి.