పై మట్టి: తొలకరిలోనే పరిచేయాలా, వచ్చే జనవరి దాకా ఆగాలా?

రేగడి_చేను:
హుజూర్‌నగర్, పల్నాడు వైపు మూతపడ్డ సున్నపురాయి క్వారీలను పక్షులకీ గడ్డికీ వదిలే పనుల్లో తేలని పేచీ ఇది. ఓబీ (తవ్విపోసిన రాతిమట్టి) నింపి చదును చేసేసరికి ఏప్రిల్. ఆపైన రెండు అకాల వర్షాలు కొడితే పై మట్టి పని జూన్‌లోకి జారుతుంది. మొక్కలేమో జూన్, జూలైల్లోనే నాటాలి. తడిలోనే తోలేసి ఆ ఏడే నాటడమా, ఏడాది పోగొట్టుకోవడమా?

నేను ఆగమనే అంటాను. హెక్టారుకి 30 సెం.మీ. పరచాలంటే 3,000 ఘనపు మీటర్ల మట్టి. పది ఘనపు మీటర్ల టిప్పరుకి 300 ట్రిప్పులు. పచ్చి రేగడి మీద అన్నిసార్లు లోడు బండి తిరిగితే అది నేల కాదు, రోడ్డు.

బెంచి_3:
టిప్పర్ అసలు మట్టి మీదికి ఎందుకెక్కాలండీ? అడుగున ఓబీ మీదే ఆగాలి. ఎక్స్‌కవేటరూ అక్కడే నిలబడి, బూమ్ (దాని పొడవాటి చెయ్యి) అందినంత వెడల్పు పట్టీలో మట్టిని వదులుగా పోసుకుంటూ వెనక్కి జరగాలి. పోసిన పట్టీ మీదికి మళ్లీ ఏ బండీ రాకూడదు. డోజర్‌తో నున్నగా చేయాలన్న మోజు వద్దు. ఇలాగైతే వానకీ వానకీ మధ్య నాలుగు ఎండ రోజులు దొరికినా పని సాగుతుంది.

రేగడి_చేను:
దాంతో బండి బరువు తప్పుతుంది, తడి తప్పదు. తీసి దాచిన పై మట్టి కుప్పలోంచి తోడేటప్పుడే బకెట్ పచ్చి రేగడిని పిసికి ముద్ద చేస్తుంది. ముద్ద ఎండితే పెళ్ల, అందులో వేరు దూరదు. తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కుప్ప లోపలి నుంచి (పైపై మట్టి కాదు) గుప్పెడు తీసి, పలక మీద అరచేత్తో తాడులా పేనండి. 3 మి.మీ. సన్నానికి రాకముందే పొడిపొడిగా విరిగితే బండ్లు కట్టొచ్చు. సేమ్యాలా సాగితే ఆపేయాలి. పైన ఎండి పగిలిన కుప్ప కూడా అర మీటరు లోపల సాగుతూనే ఉంటుంది. నాలుగు ఎండ రోజులు ఎర్ర చెల్కకి సరిపోతాయేమో గానీ రేగడికి చాలవు.

సున్నపుబట్టీ:
రేగడి ఎండితే తనంతట తానే పగులుతుంది కదా. తొక్కుడు పడినా రెండు వేసవుల్లో సర్దుకోదా?

రేగడి_చేను:
పగుళ్లు పైన విచ్చుకుంటాయి. లోడు బండి బిగించేది అడుగున, తడి ఆరడమూ నానడమూ పెద్దగా లేని చోట. అక్కడ రిప్పర్‌తో (డోజర్ వెనక బిగించే ఇనుప కొమ్ము) 60 సెం.మీ. లోతు చీల్చాల్సిందే, అదీ పొడిగా ఉన్నప్పుడే. పచ్చిలో లాగితే కోసుకుపోతుందే తప్ప గడ్డ చిట్లదు.

పంపుహౌస్:
నీళ్ల లెక్క ఎవరూ ఎత్తట్లేదు. 10 హెక్టార్ల గుంతలో 100 మి.మీ. వాన అంటే 10,000 ఘనపు మీటర్లు. సెకనుకి 20 లీటర్లు తోడే పంపు ఆగకుండా దాదాపు ఆరు రోజులు నడవాలి, అదీ బయటి నీరు లోపలికి రాకపోతే. గార్లాండ్ డ్రెయిన్ (బయటి నీరు రాకుండా గుంత చుట్టూ తీసిన కాలువ) పూడిక మే లోపే తీయించండి. తోడిన నీళ్లు సెటిలింగ్ పాండ్‌లో (బురద అడుక్కి దిగే కుంట) తేరుకున్నాకే వాగులోకి.

ఇంకో సంగతి. కొత్తగా నింపిన ఓబీ మొదటి వానకి కుంగుతుంది. అప్పటికే మట్టి పరిస్తే ఆ మట్టీ దానితోనే దిగిపోతుంది. ఒక వానాకాలం ఊరికే వదిలితే ఎక్కడ కుంగిందో నీళ్లే చూపిస్తాయి. కుంగిన చోటల్లా పూడ్చక్కర్లేదు. మోకాటి లోతు దాటకుండా నిలిచి, వేసవికి ఎండిపోయే మడుగైతే కప్పలకీ ఉల్లంకి పిట్టలకీ అదే కావాలి.

గరిక:
అసలు అంతటా మట్టి ఎందుకు? ఇంగ్లండ్‌లో కాలేజ్ లేక్ ఒకప్పుడు సుద్దరాతి క్వారీ. పూలగడ్డి పెరిగేది సారం లేని సుద్ద నేల మీదే. మనమూ సగం బోడిగా వదలొచ్చు.

బెంచి_3:
ఇక్కడ బోడిగా వదిలితే ముందొచ్చేది సర్కారు తుమ్మ. ఏడాది ఆగిన కుప్ప మీద వయ్యారిభామ. దాని విత్తనాలన్నీ మట్టితో పాటే మోసుకెళ్లి చల్లుతారు. పైగా 2020 జనవరిలో సుప్రీంకోర్టు, గని మూశాక గడ్డి పెంచడాన్ని లీజు షరతుగా పెట్టమంది. తనిఖీకి వచ్చేవాళ్లకి మీ బురద చూపిస్తారా?

రేగడి_చేను:
వయ్యారిభామ మాట నిజం. అందుకే కుప్ప రెండు మీటర్లకి మించకుండా పోసి, తొలకరికే ఎకరాకు 12 కిలోల చొప్పున జీలుగ చల్లాలి. అది కమ్మేశాక కూడా అంచుల్లో మొలిచేదాన్ని పూత రాకముందే పీకించాలి. ఇక పచ్చదనం కావాలంటే ఆ ఏడాది గట్ల వాలు మీద 10–15 సెం.మీ. దూరంలో వట్టివేళ్ల పిలకలు వరసలుగా నాటండి. దానికి పై మట్టి అక్కర్లేదు.

బెంచి_3:
వట్టివేళ్లకి ఒప్పుకుంటాను. ఎర్ర మట్టి కుప్పల వరకు మాత్రం నేను జూన్‌లోనే పోయిస్తాను, మీ తాడు పరీక్ష పెట్టే. రేగడి జనవరికి ఉంచుదాం. డిసెంబరులో తుఫాను తగిలితే?

పంపుహౌస్:
తగిలితే ఫిబ్రవరి. ర్యాంపు మీద మాత్రం ఇప్పుడే కంకర వేయించుకోండి, లేకపోతే మట్టి ఆరినా బండి దిగదు.