అయిదో నెలలో మలేరియా: మాత్రలు వేయాలా వద్దా?

గాజువాక_అన్న:
మా చెల్లికి అయిదో నెల, తొలిచూలు. అత్తవారిది ముంచంగిపుట్టు దగ్గర ఊరు. నాలుగు రోజులుగా పొద్దు వాలేసరికి వణుకుతూ జ్వరం, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదట. మొన్న ఆశా వచ్చి వేలు పొడిచి కిట్‌లో చూస్తే ఫాల్సిపారం రకం మలేరియా అని తేలింది. మొదటి రోజు మాత్రలు తన ఎదురుగానే మింగించి, మిగతావి చేతికిచ్చి వెళ్లింది. వాటిని అత్తగారు బియ్యం డబ్బాలో దాచేశారు, వేడి చేసి కడుపు పోతుందని భయం. ఇప్పుడు జ్వరం కొంచెం తగ్గింది, ఇంకెందుకు అంటున్నారు. మొన్నటి చెకప్‌లో హిమోగ్లోబిన్ 7.8. నేనేమో ఇక్కడ డ్యూటీలో ఉన్నా, సిగ్నల్ ఉంటేనే మాట దొరుకుతుంది. మాత్రలు బిడ్డకి ప్రమాదమా? చాలా టెన్షన్‌గా ఉంది.

మన్యం_నర్సు:
తమ్ముడూ, ముందు ఫోన్ చేసి ఆ మాత్రలు డబ్బాలోంచి తీయించు. కడుపు పోయేది మాత్రలతో కాదు, ఆ జ్వరంతో. మూడో నెల దాటాక ఫాల్సిపారంకి ఇచ్చే మందు ఈ మూడు రోజుల కోర్సే, గర్భిణులకీ ఇదే ఇస్తారు. ఒక రోజు తప్పింది కాబట్టి కొనసాగించాలా, మళ్లీ మొదటి నుంచి వేయాలా అన్నది ఈరోజే పీహెచ్‌సీ డాక్టర్‌ని అడగాలి, మీకు మీరు లెక్కేసుకోవద్దు. ఇంకొకటి, ప్యాకెట్‌లో ప్రైమాక్విన్ మాత్ర ఉందేమో చూడమను. అది గర్భిణికి అస్సలు ఇవ్వకూడదు. మింగిన అరగంటలోపు వాంతి అయితే ఆ డోసు మళ్లీ వేయాలి, ఆశాకి చెప్పండి.

నాకు ఎక్కువ భయం వేసింది ఆ 7.8 చూసి. మలేరియా ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది, అసలే రక్తం తక్కువున్న పిల్ల. 7 కంటే దిగితే తీవ్రమైన రక్తహీనత కిందే లెక్క, అలాంటి మనిషికి కాన్పులో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది. మగతగా పడి ఉండటం, ఫిట్స్, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి చేయండి. ఒళ్లు చల్లబడి చెమటలు పడుతుంటే జ్వరం దిగిందని అనుకోవద్దు, షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది, గర్భిణుల్లో అది త్వరగా పడిపోతుంది.

ల్యాబ్_బాబాయ్:
నర్సమ్మ చెప్పింది కరెక్ట్. నేను రక్తపూతలు చూసే పని చేశాను కాబట్టి ఒక మాట. ఫాల్సిపారం పురుగు పట్టిన కణాలు మాయలోకి చేరి అక్కడే అతుక్కుంటాయి. అందుకని వేలి రక్తంలో ఒక్కోసారి ఏమీ కనపడదు, లోపల మాత్రం ఉంటుంది. బిడ్డకి ఆహారం అందేది ఆ మాయ గుండానే కదా, అక్కడ అడ్డుపడితే బిడ్డ ఎదగదు, నెలలు నిండకుండా పుట్టడం, కడుపులోనే పోవడం కూడా జరుగుతాయి. చిన్నప్పటి నుంచి చలిజ్వరాలు పడ్డ ఒళ్లే కదా, తట్టుకుంటుంది అనుకుంటారు. మాయలో చేరే ఈ రకానికి ఆ పాత శక్తి సరిపోదు, అందుకే తొలిచూలు వాళ్లకి ఎక్కువ దెబ్బ. కోర్సు అయ్యాక జ్వరం మళ్లీ వస్తే ఒక నెగెటివ్ చూసి వదిలేయకండి, మళ్లీ చేయించండి.

చింతపల్లి_అమ్మ:
అన్నా, నాకు ఆరో నెలలో వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా వచ్చింది. క్లోరోక్విన్ మూడు రోజులకి జ్వరం పోయింది. ఈ రకం కాలేయంలో దాక్కుని తిరగబెడుతుందట, దాన్ని చంపే ప్రైమాక్విన్ కడుపుతో ఉండగా ఇవ్వరు కాబట్టి కాన్పు దాకా వారానికోసారి క్లోరోక్విన్ వేసుకోమన్నారు. నేను రెండు వారాలు వేసి మానేశా, బాగానే ఉన్నాను కదా అని. ఎనిమిదో నెలలో మళ్లీ వణుకు. బాబు 1.9 కిలోలు పుట్టాడు, నెలరోజులు గుండెలకి కట్టుకునే పెంచాను. ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ నెల నేను ఎవరికీ కోరుకోను. అత్తగారిమీద కోప్పడకండి, భయంతోనే దాచారు. ఆశాని తీసుకెళ్లి ఆవిడ ముందే చెప్పించండి. దోమతెర కూడా అడగండి, మా ఊళ్లో కొన్ని పాదులకి కంచెగా కట్టేశారు, అది చెల్లి మంచం చుట్టూ ఉండాలి. ఈ దోమ కుట్టేది రాత్రిపూటే.

గాజువాక_అన్న:
అందరికీ దండాలు. నిన్న రాత్రి బావతో మాట్లాడా. ఆశా పొద్దున్నే వచ్చి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఆయన చెప్పినట్టు మాత్రలు తనే మింగించింది. అత్తగారు పక్కనే కూర్చుని గంటసేపు చూశారట, వాంతి అవుతుందేమోనని. ప్రైమాక్విన్ తీసి పక్కన పెట్టేసింది. రేపు పాడేరు ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, హిమోగ్లోబిన్ మళ్లీ చూసి అవసరమైతే రక్తం ఎక్కిస్తారట. నేను రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా, నాదీ చెల్లిదీ ఒకటే గ్రూపు.