ముత్తాత సైనిక రికార్డులు తెప్పించుకోవడం ఎలా?

మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న ఇక్కడ జపాను బాంబులు పడ్డాక మా ముత్తాత సైన్యంలో చేరారట. మద్రాస్ సాపర్స్‌తో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అన్నా అదే) బర్మా వెళ్లి, ఆరోగ్యం చెడి, యుద్ధం ముగియకముందే తిరిగొచ్చేశారు. మిగిలింది ఒక్క డిశ్చార్జి కాగితం. మడత దగ్గర చిరిగి సర్వీసు నంబరులో చివరి అంకెలు పోయాయి. 'వైద్యపరంగా అనర్హుడు' అన్న ముద్ర మాత్రం చక్కగా కనిపిస్తోంది. ఏ జబ్బో రాయలేదు. తన నాన్నకు ఏమైందో తెలియకుండానే పోతానేమోనని నానమ్మ దిగులు. ఆవిడకు ఎనభై అయిదు దాటాయి, అందుకే నా తొందర.

బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు ఆఫీసుకు పేరు, తండ్రి పేరు, ఊరు రాసి పంపితే వెతుకుతారా, పూర్తి నంబరు ఉండాల్సిందేనా? వైద్య బోర్డు కాగితాలు సర్వీసు దస్త్రంలోనే ఉంటాయా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లడం మేలా? ఇలా తెప్పించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పండి.